సూర్యుని గాలికి బలం ఎక్కడిది?



సూర్యుడు అనగానే మన మనసుకు వెలుగు, వేడి గుర్తుకు వస్తాయి. పైరు పండించేదీ, ఆరవేసిన వడియాలను ఎండబెట్టేదీ, వైశాఖంలో మనలను గడప దాటనివ్వనిదీ ఆ రెండే. అయితే సూర్యుని నుండి మూడవది ఒకటి రాత్రింబవళ్లు బయలుదేరుతూనే ఉన్నది. అది గాలి. శాస్త్రజ్ఞులు దానికి సౌరపవనం అని పేరు పెట్టారు.

గాలి అన్నాము గాని, అది మనం పీల్చే గాలి వంటిది కాదు. అమితమైన వేడికి హైడ్రోజన్ పరమాణువులు విడిపోయి ప్రోటాన్లు, ఎలక్ట్రాన్లుగా మారతాయి. విద్యుదావేశం గల ఆ కణాలకు కొంత హీలియం తోడై, సూర్యుని నుండి అన్ని దిక్కులకూ పారే ప్రవాహమే సౌరపవనం. ఇటువంటి పదార్థాన్ని ప్లాస్మా అంటారు. దాని వేగం సెకనుకు 300 కిలోమీటర్ల నుండి 800 కిలోమీటర్ల దాకా ఉంటుంది. సూర్యునికీ మనకూ నడుమ ఉన్న 15 కోట్ల కిలోమీటర్ల దూరాన్ని అది సుమారు రెండు నుండి ఆరు రోజులలో దాటి వస్తుంది. ఇంత వేగమున్నా దాని తాకిడికి ఆకు కూడా కదలదు. భూమి దగ్గరకు వచ్చేసరికి ఘన సెంటీమీటరు చోటులో సాధారణంగా పది కణాలు కూడా ఉండవు.

అంత పలుచనిదైనా, మొత్తంగా లెక్క కడితే సూర్యుడు ఈ గాలి రూపంలో ప్రతి సెకనుకూ పది లక్షల టన్నులకు పైగా పదార్థాన్ని వదులుకుంటున్నాడు. ఇంత భారాన్ని అంత వేగంతో తరిమే బలం ఎక్కడిది? ఈ నెల మేము పాఠకుల ముందు ఉంచదలచిన ప్రశ్న ఇదే.

"సూర్యుని నుండే" అని ఎవరైనా తేలికగా చెప్పవచ్చు. ఆ జవాబు నిజమే గాని, చాలదు. మదరసాలో హదీసు పాఠం చెప్పేటప్పుడు ఒక మాట ఫలానా వారిదని విద్యార్థి చెబితే మేము అక్కడితో వదలము. నీకు ఎవరు చెప్పారు, వారికి ఎవరు చెప్పారు, ఒకరినొకరు కలుసుకున్నారా అని వరుసగా అడుగుతాము. ఆ వరుసను సనద్ అంటాము. నడుమ ఒక్క లంకె తెగినా ఆ మాట బలహీనమవుతుంది. శక్తి విషయంలోనూ అదే పద్ధతిని పాటించి చూద్దాము. సూర్యుని గర్భంలో పుట్టిన శక్తి ఏయే చేతులు మారి ఈ గాలికి చేరింది? ఈ వరుసలో నడుమ లంకె ఒకటి ఎన్నో దశాబ్దాల పాటు దొరకలేదు. దానిని వెదికిన కథ తెలుసుకోదగినది.

గ్రహణం చూపిన కిరీటం

సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు మనం కుసూఫ్ నమాజులో నిలబడే ఆ వేళలో, చంద్రుడు సూర్యబింబాన్ని పూర్తిగా కప్పిన కొద్ది నిమిషాలు, ఆకాశంలో మరొక దృశ్యం వెల్లడవుతుంది. నల్లని బింబం చుట్టూ ముత్యపు కాంతితో ఒక వెలుగు కిరీటం కనిపిస్తుంది. అది సూర్యుని వెలుపలి వాతావరణం. కిరీటమనే అర్థంలోనే దానికి కరోనా అని పేరు. ఇటీవల ప్రపంచాన్ని వణికించిన వ్యాధి క్రిమికి ఆ పేరు రావడానికి కూడా దాని చుట్టూ అటువంటి కిరీటపు ఆకారం ఉండడమే కారణం.

ఈ శోధనలో మన తెలుగు నేలకూ ఒక చోటున్నది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ గ్రహణం గుంటూరు మీదుగా సాగింది. ఫ్రాన్సు నుండి వచ్చిన జాన్సెన్ అక్కడ నిలిచి, సూర్యుని అంచున లేచే జ్వాలల కాంతిని వర్ణపట దర్శినితో పరీక్షించారు. గ్రహణం లేనప్పుడు కూడా ఆ జ్వాలలను చూడవచ్చునని మరునాడే ఆయన కనుగొన్నారు. సూర్యుని అంచులను కాంతి విశ్లేషణతో చదవవచ్చునన్న ధైర్యం అప్పుడు బలపడింది.

ఆ మరుసటి సంవత్సరం, 1869లో, అమెరికాలో గ్రహణం వచ్చినప్పుడు ఇద్దరు శాస్త్రజ్ఞులు కరోనా కాంతిలో ఒక పచ్చని గీతను చూశారు. భూమి మీద తెలిసిన ఏ మూలకమూ అటువంటి గీతను ఇవ్వడం లేదు. అందుచేత అది కొత్త మూలకమని భావించి దానికి కరోనియం అని పేరు కూడా పెట్టారు. ఏడు దశాబ్దాల తరువాత, 1940 ప్రాంతంలో, జర్మనీకి చెందిన గ్రోట్రియన్, స్వీడన్‌కు చెందిన ఎడ్లెన్‌ల కృషితో అసలు సంగతి తేలింది. ఆ గీత కొత్త మూలకానిది కానే కాదు. అది మన ఇళ్లలోని కత్తిపీటకూ, అట్లకాడకూ వాడే ఇనుముదే. అయితే ఆ ఇనుప పరమాణువు తన 26 ఎలక్ట్రాన్లలో 13 కోల్పోయి ఉన్నది. ఒక పరమాణువు అన్ని ఎలక్ట్రాన్లు కోల్పోవాలంటే చుట్టూ పది, ఇరవై లక్షల డిగ్రీల వేడి ఉండాలి.

ఇక్కడే పెద్ద చిక్కు వచ్చి పడింది. మనకు కనిపించే సూర్యుని ఉపరితలం వేడి సుమారు 5,500 డిగ్రీలు మాత్రమే. దాని పైనున్న కరోనా వేడి పది లక్షలు దాటింది. పొయ్యికి దూరమైన కొద్దీ వేడి తగ్గాలి. వేడి తనంతట తాను చల్లని చోటు నుండి వేడి చోటుకు పోదు. గోరువెచ్చని పెనం మీద పెట్టిన పాలు ఎంతసేపటికీ పొంగవు. మరి కరోనాకు ఈ వేడి ఎలా వచ్చింది? ఈ ప్రశ్నను కాసేపు పక్కన పెట్టి, గాలి సంగతి చూద్దాము.

తోకచుక్క సాక్ష్యం, పార్కర్ లెక్క

తోకచుక్క సూర్యుని చుట్టూ ఎటు తిరిగినా దాని తోక సూర్యునికి ఎదురు దిక్కుకే చాపి ఉంటుంది. వెలుగు తాకిడికే తోక అలా మళ్లుతుందని మొదట అనుకున్నారు. ధూళితో కూడిన తోక విషయంలో అది సరిపోతుంది. విద్యుదావేశ కణాలతో కూడిన తోకకు మాత్రం ఆ బలం చాలదని 1951లో జర్మన్ శాస్త్రజ్ఞుడు బీర్మాన్ లెక్కకట్టి చూపారు. సూర్యుని నుండి కణాల ప్రవాహం ఏదో ఎడతెగక వస్తూ ఆ తోకను నెట్టుతున్నదని ఆయన నిర్ధారణ.

అమెరికాలోని చికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ పార్కర్ అనే యువ శాస్త్రజ్ఞుడు దీని మీద ఆలోచించారు. పది లక్షల డిగ్రీల వేడిలో ఉన్న కరోనా కదలకుండా నిలిచి ఉండగలదా అన్నది ఆయన ప్రశ్న. మన భూమి మీది గాలి నిలకడగా ఉన్నది. పైకి పోయిన కొద్దీ దాని ఒత్తిడి తగ్గి చివరకు దాదాపు లేకుండా పోతుంది. కరోనాకు అలా కుదరదు. అందులోని ఎలక్ట్రాన్లు వేడిని ఎంతో దూరం మోసుకుపోతాయి. అందువల్ల ఎంత దూరం పోయినా దాని ఒత్తిడి నక్షత్రాల నడుమ ఉన్న పలుచని వాయువు ఒత్తిడి కంటే ఎక్కువగానే మిగులుతుంది. పై నుండి అదిమి పట్టేది ఏదీ లేనప్పుడు అది నిలవదు, పారుతుంది. మొదట నెమ్మదిగా, తరువాత ధ్వని వేగాన్ని దాటి, ఇంకా పైన సెకనుకు వందల కిలోమీటర్ల వేగంతో పారుతుంది. నాలుగు సమీకరణాలతో పార్కర్ ఈ సంగతి తేల్చారు.

1958లో ఈ వ్యాసాన్ని ప్రఖ్యాత ఖగోళ పత్రికకు పంపితే, దానిని పరిశీలించిన ఇద్దరు పండితులూ తిరస్కరించారు. అప్పుడు ఆ పత్రిక సంపాదకులు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. లాహోరులో పుట్టి మద్రాసులో చదివిన ఈ మహాశయునికి తరువాత 1983లో నోబెల్ బహుమానం లభించింది. పార్కర్ భావన ఆయనకు కూడా నచ్చలేదు. అయినా ఆయన పరిశీలకులు తప్పు అన్నారే గాని లెక్కలో తప్పు చూపలేదని గమనించారు. తామూ వెదికారు, దొరకలేదు. తప్పు దొరకనప్పుడు ఆపే హక్కు తమకు లేదని వ్యాసాన్ని అచ్చు వేశారు.

పాఠకులు ఈ సంగతి వద్ద ఒక క్షణం ఆగాలని మా కోరిక. మనకు నచ్చిన మాటను నలుగురికి వినిపించడం అందరికీ చేతనవుతుంది. మనకు నచ్చని మాటలో తప్పు చూపలేనప్పుడు దానికి దారి ఇవ్వడమే న్యాయబుద్ధి. ఆ రోజున ఆ సంపాదకుడు తన ఇష్టాన్ని పక్కన పెట్టకపోయి ఉంటే సౌరపవనం లెక్క ఎన్నాళ్లు సొరుగులో ఉండేదో! నాలుగేళ్లు తిరగకుండానే సాక్ష్యం వచ్చింది. 1959లో సోవియట్ రష్యా వారి లూనా నౌకలు ఆ కణాలను పట్టాయి. 1962లో శుక్రగ్రహం వైపు సాగిన అమెరికా నౌక మారినర్-2 మూడు నెలలకు పైగా ఆ గాలిని కొలిచింది. గాలి ఒక్కరోజు కూడా ఆగలేదు.

జమాఖర్చు కుదరలేదు

గాలి ఉన్నదని తేలింది. దాని శక్తి లెక్క మాత్రం ఇంకా కుదరలేదు. కరోనా వేడి ఎక్కడిదో పార్కర్ చెప్పలేదు. వేడి ఉన్నదని తీసుకొని, ఉంటే ఏమవుతుందో చెప్పారు. ఆ వేడి ఎంత ఉన్నా చాలదన్నది రెండవ చిక్కు.

ఇంటి జమాఖర్చు రాసినట్లు చూద్దాము. సూర్యుని ఆకర్షణ నుండి పూర్తిగా బయటపడాలంటే ఏ వస్తువుకైనా ఉపరితలం వద్ద సెకనుకు 618 కిలోమీటర్ల వేగానికి సమానమైన శక్తి కావాలి. ఇది దారి సుంకం వంటిది. అది చెల్లించిన తరువాత మిగిలిన శక్తే మనం చూసే వేగం. సెకనుకు 400 కిలోమీటర్ల వేగంతో మనలను చేరే గాలి విషయంలో సుంకం, మిగిలిన వేగానికి పట్టిన శక్తికి రెండు రెట్లకు పైగా ఉన్నది. ఇక జమ వైపు చూస్తే, కరోనా అడుగున పది లక్షల డిగ్రీల వేడితో ఉన్న కణానికి చేతిలో ఉన్న ఉష్ణశక్తి ఆ సుంకంలో నాలుగో వంతుకు కూడా రాదు. అంటే కరోనా అడుగున ఒక్కసారి వేడెక్కి బయలుదేరడం చాలదు. దారి పొడుగునా ఎవరో బత్తెం అందిస్తూ ఉండాలి.

మరొక వింత కూడా బయటపడింది. 1990లో బయలుదేరిన యులిసిస్ నౌక సూర్యుని ధ్రువాల మీదుగా సాగి, అక్కడి నుండి వచ్చే గాలిని కొలిచింది. ధ్రువాల వద్ద కరోనాలో చీకటిగా కనిపించే భాగాలుంటాయి. వాటిని కరోనా రంధ్రాలంటారు. అవి మిగిలిన భాగాల కంటే పలుచన, వేడి కూడా తక్కువ. కేవలం వేడే గాలిని నెట్టుతుంటే అక్కడి గాలి మందంగా ఉండాలి. యులిసిస్ కొలిచినది దానికి పూర్తిగా విరుద్ధం. ఆ చల్లని ద్వారాల నుండే సెకనుకు సుమారు 750 కిలోమీటర్ల వేగంతో, ఉధృతమైన గాలి వస్తున్నది. తక్కువ వేడి గల పొయ్యి మీద ఎసరు ముందుగా మరిగినట్లున్నది ఈ వ్యవహారం. వేడి గాక మరేదో బలం ఆ గాలికి తోడుగా ఉన్నదని దీనితో స్పష్టమైంది.

అయస్కాంత రేఖల దారి

ఆ బలం జాడ కోసం సూర్యుని లోపలికి వెళ్లాలి. సూర్యుని గర్భంలో కోటిన్నర డిగ్రీల వేడిలో హైడ్రోజన్ కేంద్రకాలు కలిసి హీలియంగా మారుతూ శక్తినిస్తాయి. ఇది మన సనద్‌లో మొదటి లంకె. ఆ శక్తి పైకి వచ్చి వచ్చి, వెలుపలి రెండు లక్షల కిలోమీటర్ల మందంలో పదార్థాన్ని మరిగిస్తుంది. అన్నపు ఎసరు తెర్లినట్లు వేడి పదార్థం పైకి లేచి, చల్లబడి, దిగిపోతుంది. దుర్భిణిలో చూస్తే సూర్యుని ముఖమంతా ఈ బుడగలే. ఒక్కొక్కటి సుమారు వెయ్యి కిలోమీటర్ల వెడల్పు, పది నిమిషాల ఆయుష్షు. ఇది రెండవ లంకె.

ఈ మరుగుడుకు సూర్యుని భ్రమణం తోడై అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. దాని రేఖలు ఉపరితలాన్ని చీల్చుకొని కరోనాలోకి లేస్తాయి. కొన్ని విల్లులా వంగి మళ్లీ సూర్యునిలోకే దిగుతాయి. కరోనా రంధ్రాలలోని రేఖలు మాత్రం తెరుచుకొని అంతరిక్షంలోకి సాగిపోతాయి. విద్యుదావేశం గల ప్లాస్మా ఈ రేఖలను సులభంగా అడ్డదాటలేదు. తస్బీహ్ దారం మీద పూసల వలె దాని వెంట జరుగగలదు, దారం కదిలితే తానూ కదులుతుంది. రేఖల పాదాలు మరుగుతున్న ఉపరితలంలో నాటుకొని ఉన్నాయి. కింద ఎసరు కుదిపిన కొద్దీ రేఖలు కుదులుతాయి, మెలి తిరుగుతాయి, ఒకదానికొకటి చుట్టుకుంటాయి. ఆ విధంగా కింది కదలిక పైకి అందుతుంది. ఇది మూడవ లంకె.

ఇక్కడ పాత చిక్కు విడిపోతుంది. బక్రీదుకు ముందు వీధిలోకి వచ్చే సానవాని చక్రాన్ని గుర్తు తెచ్చుకోండి. సానరాయి చల్లనిది, కత్తి చల్లనిది. చక్రం తొక్కేవాని కాలు కూడా నిప్పు వలె కాలడం లేదు. అయినా అంచు తాకిన చోట నిప్పురవ్వలు రాలుతాయి. ఆ నిప్పు కాలి వేడి నుండి రాలేదు, కాలు చేసిన పని నుండి వచ్చింది. కరోనాకూ అంతే. ఉపరితలం తన వేడిని పైకి పంపడం లేదు. తన కదలికను అయస్కాంత రేఖల ద్వారా పంపుతున్నది. పైకి చేరాక ఆ కదలిక వేడిగా మారుతున్నది. 5,500 డిగ్రీల చోటు పది లక్షల డిగ్రీలను సాధించడంలో ప్రకృతి నియమానికి భంగమేమీ లేదు.

అల, తెగిన ముడి

కదలిక పైకి చేరి శక్తిగా మారడానికి రెండు మార్గాలను శాస్త్రజ్ఞులు చూపారు.

మొదటిది అల. బిగించి కట్టిన తాడును ఒక కొస పట్టుకొని ఊపితే అల రెండవ కొసకు పరుగెత్తుతుంది. అయస్కాంత రేఖల మీద కూడా అటువంటి అలలు నడుస్తాయని 1942లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు హాన్స్ ఆల్వెన్ చెప్పారు. ఆయన పేరుతోనే వాటిని ఆల్వెన్ తరంగాలంటారు. ఆయన 1970లో నోబెల్ బహుమానం పొందారు. బండివాని చెర్నాకోలను చూడండి. పిడి దగ్గర చేయి కొద్దిగా కదిలితే చాలు, కొస దగ్గర చెళ్లుమంటుంది. తోలు పలుచబడిన కొద్దీ అదే శక్తి తక్కువ బరువుకు చేరి ఊపు పెరుగుతుంది. సూర్యుని నుండి పైకి పోయిన కొద్దీ ప్లాస్మా పలుచబడుతుంది గనుక అల ఊపు పెరుగుతుంది. ఆ అల ఒత్తిడి గాలిని వెనుక నుండి నెట్టుతుంది. అది పెద్ద అల చిన్న అలలుగా, చిన్నవి మరింత చిన్నవిగా విరిగి చివరకు కణాలకు వేడినిస్తుంది. నెట్టడమూ, వేడిచేయడమూ రెండూ దారిలోనే జరుగుతాయి. మనం వెదికిన బత్తెం ఇదే.

రెండవది రేఖలు తెగి మళ్లీ అతుక్కోవడం. సాగదీసిన రబ్బరు పట్టీ తెగితే చెంపదెబ్బలా తగులుతుంది. ఎదురెదురుగా ఉన్న రెండు అయస్కాంత రేఖలు ఒత్తుకొని తెగి, కొత్త జతగా అతుక్కున్నప్పుడు అందులో దాగిన శక్తి ఒక్కసారిగా ప్లాస్మాకు చేరుతుంది. విల్లులా వంగిన రేఖ తెరుచుకున్న రేఖతో అతుక్కుంటే, విల్లులో బందీగా ఉన్న పదార్థానికి బయటకు దారి దొరుకుతుంది. చిన్న చిన్న విస్ఫోటాలు లెక్కలేనన్ని జరిగి కరోనాను వేడి చేస్తుండవచ్చునని 1988లో పార్కర్ మరొక భావన ముందుకు తెచ్చారు.

అలలకు గట్టి ఆధారం 1995 చివరలో బయలుదేరిన సోహో నౌక ఇచ్చింది. కరోనా రంధ్రాలలో ఆక్సిజన్ అయాన్ల వేడి పది కోట్ల డిగ్రీలకు పైగా ఉన్నట్లు అది కొలిచింది. బరువైన కణం తేలికైన దానికంటే అంతగా ఎక్కువ వేడెక్కడం, అదీ అయస్కాంత రేఖకు అడ్డంగా కదిలే కదలికలోనే ఎక్కువ కావడం, మామూలు పొయ్యి వేడితో జరిగేది కాదు. రేఖల ఊపు నుండి కణాలు నేరుగా శక్తి అందుకుంటే అటువంటి ఫలితం వస్తుంది.

ఇద్దరు సాక్షులు, ఒకే ప్రవాహం

ఇంత జరిగినా, అల తన శక్తిని గాలికి ఇస్తుండగా దారిలో చూసినవారు లేరు. దూరం నుండి చూసినది ఒకటి, ఊహించినది మరొకటి. సనద్ పూర్తి కావాలంటే ఆ చోటికి ఎవరైనా వెళ్లాలి.

2018 ఆగస్టు 12న నాసా వారి పార్కర్ నౌక బయలుదేరింది. 91 ఏళ్ల యూజీన్ పార్కర్ తన పేరు పెట్టిన నౌక ఎగరడం కళ్లారా చూశారు. 2022లో ఆయన మరణించారు. 2021 ఏప్రిల్ 28న ఆ నౌక ఒక ముఖ్యమైన సరిహద్దును దాటింది. ఆ సరిహద్దుకు లోపల ఆల్వెన్ అల గాలి కంటే వేగమైనది, కాబట్టి సూర్యుని వైపు తిరిగి పోగలదు. దానికి వెలుపల గాలిదే పైచేయి. వరద నదిలో ఈదేవాడు ఎదురీదలేని చోటు ఒకటి ఉంటుంది గదా, అటువంటిది. అక్కడ గాలి సూర్యునితో తెగతెంపులు చేసుకుంటుంది. మనిషి చేసిన వస్తువు సూర్యుని వాతావరణంలోకి అడుగుపెట్టడం అదే మొదలు. 2024 డిసెంబరు 24న ఆ నౌక సూర్యుని ఉపరితలానికి 61 లక్షల కిలోమీటర్ల దూరం దాకా వెళ్లింది.

అక్కడ అయస్కాంత రేఖలు ఉన్నట్లుండి వెనక్కు మడిచినట్లు తిరిగి, మళ్లీ సరళమవుతూ కనిపించాయి. చాలా పెద్ద ఆల్వెన్ అలలవి. 2023లో ప్రకటించిన మరొక పరిశీలనలో, కరోనా రంధ్రాల అడుగున రేఖలు తెగి అతుక్కోవడం నుండే వేగమైన గాలి పుడుతున్నదనడానికి గుర్తులు దొరికాయి.

అన్నిటికంటే విలువైన సాక్ష్యం 2022 ఫిబ్రవరి నాటిది. ఐరోపా వారి సోలార్ ఆర్బిటర్ నౌక కూడా అప్పటికి సూర్యుని చుట్టూ తిరుగుతున్నది. పార్కర్ నౌక సూర్యునికి సుమారు 90 లక్షల కిలోమీటర్ల దూరంలో ఒక గాలి పాయను కొలిచింది. దాదాపు రెండు రోజుల తరువాత అదే పాయ దాదాపు 9 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్న సోలార్ ఆర్బిటర్‌ను తాకింది. ఇద్దరు సాక్షులు ఒకే ప్రవాహాన్ని రెండు చోట్ల చూశారు. మొదటి చోట ఆ గాలి మొత్తం శక్తిలో సుమారు 10 శాతం అయస్కాంత క్షేత్రపు ఊపులో ఉన్నది. రెండవ చోటికి వచ్చేసరికి అది 1 శాతానికి పడిపోయింది. గాలి వేగం పెరిగింది. వ్యాపించే వాయువు చల్లబడవలసినంత వేగంగా చల్లబడలేదు. అలలో తగ్గిన శక్తీ, గాలిలో పెరిగిన వేగమూ, నిలిచిన వేడీ ఒకదానికొకటి సరిపోయాయి. ఖర్చు వైపు రాసినది జమ వైపు కనిపించింది. 2024లో ఈ ఫలితాన్ని ప్రకటించారు.

వరుసను ఒక్కసారి తిరిగి చెప్పుకుందాము. గర్భంలో కేంద్రకాల కలయిక, పై పొరల మరుగుడు, ఆ మరుగుడు ఊపే అయస్కాంత రేఖలు, ఆ రేఖల అలలూ తెగి అతికే ముడులూ, వాటి నుండి కరోనాకు వేడి, గాలికి దారి పొడుగునా నెట్టు. ఏ గాలిలో అల వాటా ఎంత, ముడి వాటా ఎంత అన్న లెక్క ఇప్పటికీ పరిశోధకుల చేతిలో ఉన్నది. ఇంత చేసీ ఈ గాలి తీసుకుపోయే శక్తి, సూర్యుడు వెలుగుగా పంచే శక్తిలో సుమారు పది లక్షలవ వంతు మాత్రమే. పెద్ద వంటశాలలో గిన్నె మూత సందు నుండి పోయే ఆవిరి వంటిది.

మన ఇళ్లకు దీనితో పనేమి?

ఆ ఆవిరికే భూమి మీద ఎంతో ప్రభావమున్నది. సౌరపవనంలో అప్పుడప్పుడు పెనుతుఫానులు లేస్తాయి. 1989 మార్చి 13న అటువంటి తుఫాను తాకిడికి కెనడాలోని క్విబెక్ ప్రాంతంలో విద్యుత్తు తొమ్మిది గంటలు ఆగిపోయి 60 లక్షల మంది చీకటిలో ఉన్నారు. 2022 ఫిబ్రవరిలో సాధారణ స్థాయి తుఫాను ఒకటి భూమి పై వాతావరణాన్ని ఉబ్బించగా, అప్పుడే ఎగిరిన 49 స్టార్‌లింక్ ఉపగ్రహాలలో ఎక్కువ భాగం కూలిపోయాయి. 2024 మేలో వచ్చిన తుఫానుకు లద్దాఖ్ ఆకాశం కూడా ఎర్రబడింది. మన తీరంలో వల వేసే జాలరికి తుఫాను హెచ్చరిక ఉపగ్రహం చూసి చెప్పినదే. కొత్త ఊరిలో లారీ నడిపే వానికి దారి చూపేదీ ఉపగ్రహమే. గాలికి బలం ఎక్కడిదో తెలియనిదే అది ఎప్పుడు విజృంభిస్తుందో ముందుగా చెప్పడం సాధ్యం కాదు.

మన దేశమూ ఈ పనిలో ఉన్నది. 2023 సెప్టెంబరు 2న మన తీరంలోని శ్రీహరికోట నుండి ఆదిత్య-ఎల్1 బయలుదేరి, 2024 జనవరి 6న భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలోని తన స్థానానికి చేరింది. దానిలోని పరికరాలలో కొన్ని సౌరపవన కణాలను లెక్కిస్తాయి. మరొకటి చంద్రుని అవసరం లేకుండా తానే సూర్యబింబాన్ని కప్పి కరోనాను చూస్తుంది. 1869లో గ్రహణ వేళ కనిపించిన ఆ ఇనుప పచ్చని గీతనే అది ఈనాడు పట్టి చూస్తున్నది. ఈ ప్రయోగానికి సారథ్యం వహించినవారు తమిళనాడులోని తెన్‌కాశి జిల్లాకు చెందిన నిగార్ షాజీ. మన ఆడబిడ్డల చదువు విషయంలో తటపటాయించే తల్లిదండ్రులు ఆ పేరును ఇంట్లో ఒకసారి పలకడం మంచిది.

చివరగా ఒక మాట. రేపు మీ ఇంట్లో ఒక బిడ్డ "ఇది ఎక్కడి నుండి వచ్చింది?" అని అడిగితే, పెద్ద పేరొకటి చెప్పి నోరు మూయించవద్దు. దానికి ముందు ఏమున్నది, దానికీ ముందు ఏమున్నది అని కలిసి వెనక్కు నడవండి. మీకు తెలిసిన చివరి లంకె దాకా చెప్పి, అక్కడ ఆగండి. ఆ బిడ్డ చెప్పిన జవాబు మీకు నచ్చకపోతే ముందుగా అందులో తప్పు ఎక్కడున్నదో వెదకండి. దొరికితే చూపండి. దొరకకపోతే ఆ మాటకు చోటివ్వండి.

వస్సలామ్.